పై ఫ్లాట్‌లో కొత్త బాత్రూమ్, కింద మా సీలింగ్‌కి చెమ్మ. ఎవరు బాగుచేయించాలి?

ఈసారి వచ్చిన ఉత్తరం చాలా పెద్దది, దాంతోపాటు పదకొండు ఫోటోలు కూడా. పేరు వెయ్యొద్దన్నారు కాబట్టి వెయ్యట్లేదు, ఎన్నో అంతస్తో కూడా చెప్పను. సంగతి క్లుప్తంగా ఇది.

ఈవిడది అపార్ట్‌మెంట్‌లో మధ్య అంతస్తు. ఇంట్లో భర్త, స్కూలుకెళ్ళే పాప, అత్తగారు. వీళ్ళ పైన ఫ్లాట్‌ని ఆర్నెల్ల కిందట ఒక కొత్త జంట కొనుక్కున్నారు, ఇంట్లో దిగకముందే పని మొదలెట్టారు. రెండు బాత్రూములూ పగలగొట్టి కొత్త టైల్స్ వేశారు, వంటింటికీ హాలుకీ మధ్య గోడ తీసేశారు. ఆ బ్రేకర్ మోతకి మూడు వారాలు అత్తగారికి మధ్యాహ్నం కునుకు లేదు, సరే వాళ్ళిల్లు వాళ్ళు బాగుచేసుకుంటున్నారు కదా అని సర్దుకుపోయారు. పని అయిపోయి వాళ్ళు కాపురం పెట్టిన పది రోజులకి ఈవిడ బెడ్రూమ్ సీలింగ్ మీద, బాత్రూమ్ గోడ పక్కనే, అరచేతంత మరక కనబడింది. ఇంకో వారానికి పళ్ళెమంత అయింది. నెల తిరిగేసరికి పెయింట్ ఉబ్బి, పగిలి, పెచ్చులు మంచం మీద రాలుతున్నాయి. సరిగ్గా దాని కిందే వార్డ్‌రోబ్, వెనక ప్లైవుడ్ ఉబ్బిపోయి తలుపు పట్టేస్తోంది, పై అరలో బట్టలకి బూజు వాసన. ఇది చాలదన్నట్టు హాల్లో తలుపు చట్రం మూల నుంచి ఏటవాలుగా ఓ పగులు.

పైకెళ్ళి చెప్తే మొదటిసారి ఆయన బాగానే మాట్లాడాడట. కాంట్రాక్టర్‌కి ఫోన్ చేశాడు, ఆ కాంట్రాక్టర్ ఒక కుర్రాణ్ణి పంపితే ఆ అబ్బాయి ఉబ్బినంత మేరా గీకి, పుట్టీ పెట్టి, పెయింట్ కొట్టి గంటలో వెళ్ళిపోయాడు. మూడు వారాలకి అదే చోట మళ్ళీ మరక. రెండోసారి వెళ్తే మాట మారింది, "బిల్డింగే పాతదండీ, ఈ చెమ్మ ముందు నుంచీ ఉండే ఉంటుంది, అయినా పని చేసింది కాంట్రాక్టర్, ఆయన్ని అడగండి" అన్నాడు. కాంట్రాక్టర్ ఫోన్ ఎత్తడు, ఎత్తిన ఒక్కసారీ "మా పని పర్ఫెక్టు, కామన్ పైపు ఏదో లీకయి ఉంటుంది చూసుకోండి" అన్నాడు. అసోసియేషన్ సెక్రటరీని అడిగితే ఇది మీ రెండిళ్ళ మధ్య గొడవ, మేం తలదూర్చం అన్నాడు. ఒళ్ళు మండి ఈవిడ ఒక రాత్రి పదకొండింటికి ఫోటోలన్నీ అసోసియేషన్ వాట్సాప్ గ్రూపులో పెట్టి, చదువుకున్నవాళ్ళే ఇలా తయారైతే ఇంకేం చెప్తాం అని రాసేసింది. పై ఆయన గ్రూపులోంచి వెళ్ళిపోయాడు. ఇప్పుడు లిఫ్ట్‌లో ఎదురైతే ఇద్దరూ ఫోన్లలో తలలు పెట్టేసుకుంటున్నారు. భర్త లాయర్ నోటీసు పంపిద్దామంటాడు, అత్తగారేమో నెత్తిమీద ఉండేవాళ్ళతో వైరం ఎందుకమ్మా, మన డబ్బుతో మనమే వేయించుకుందాం అంటుంది.

ఆఖరి పేరాలో ఇంకో మాట ఉంది. "ఇది మా ఆయనకి తప్ప ఎవరికీ తెలీదు. మూడేళ్ళ కిందట అదే గదిలో, కిటికీ వైపు మూల, చిన్న మరక వచ్చింది. పెయింట్ వేయించేసి మర్చిపోయాం. ఇప్పుడది బయటపడితే తప్పంతా మా మీదకే తోసేస్తారా? మేం పోరాడాలా, ఊరుకోవాలా?"

అమ్మా, మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. పోరాడాలా ఊరుకోవాలా అన్నదానికి తర్వాత వస్తాను. మీరు, పై ఆయన, కాంట్రాక్టర్, సెక్రటరీ, నలుగురూ నాలుగు నెలలుగా తప్పెవరిది అని మాట్లాడుకుంటున్నారు, అసలా నీళ్ళు ఎక్కణ్ణుంచి వస్తున్నాయో ఇప్పటిదాకా ఒక్కరూ చూడలేదు. పై ఆయన "పాత చెమ్మ" అన్నాడు, చూసి అన్లేదు. కాంట్రాక్టర్ "కామన్ పైపు" అన్నాడు, చూసి అన్లేదు. మీరు "వాళ్ళ బాత్రూమే" అంటున్నారు, చాలామటుకు మీరే కరెక్ట్ అని నాకూ అనిపిస్తోంది, కానీ మీరూ చూసి అనట్లేదు కదా. నీళ్ళు ఆగాలి, కారణం తేలాలి, ఆ తర్వాత డబ్బు. ఈ వరస తప్పితే మీరు లాయర్ దగ్గరికెళ్ళినా ఆయన మొదట అడిగేది ఆ కారణం గురించే.

ఇంకో పని ఇవాళే చెయ్యండి, ఇది తగాదాకి సంబంధం లేనిది. ఫోటోల్లో మరక అంచుకి జానెడు దూరంలో సీలింగ్ లైటు కనబడుతోంది. ఆ లైటు వాడకండి, దాని సర్క్యూట్ మెయిన్ దగ్గర ఆపేసి ఎలక్ట్రీషియన్‌కి చూపించండి. వార్డ్‌రోబ్ గోడ నుంచి ముందుకి జరిపించండి, బట్టలు తీసెయ్యండి. తడిసిన చోట 24 నుంచి 48 గంటల్లో ఆరకపోతే బూజు మొదలవుతుంది, ఆ గదిలో మీ పాప పడుకుంటోందన్నారు. పైగా చెమ్మ కిందే సామాను వదిలేసి తర్వాత మొత్తం డబ్బులిమ్మంటే, "తెలిసీ ఎందుకు జరపలేదు" అని అడుగుతారు, న్యాయంగా అడుగుతారు కూడా.

ఇప్పుడు నా సొంత కథ ఒకటి చెప్పాలి, ఎందుకంటే నేను ఒకప్పుడు పై ఫ్లాట్ మనిషిని. బాత్రూమ్ కొత్తగా చేయించాను, టైల్స్ మీద అంటించిన ప్లాస్టిక్ కాగితం ఇంకా పూర్తిగా పీకలేదు, కింద ఫ్లాట్ పెద్దాయన వచ్చి మా సీలింగ్ తడుస్తోంది బాబూ అన్నాడు. నా నోట్లోంచి వచ్చిన మొదటి మాట ఏంటో తెలుసా, "ముందు నుంచీ ఉందేమో అండీ" అని. అబద్ధమాడాలని కాదు, డబ్బంతా అయిపోయింది, కొత్త టైల్స్ మళ్ళీ పగలగొట్టాలంటే ప్రాణం ఒప్పుకోలేదు, అంతే. ఆయన వాదించలేదు, ఒక్కసారి వచ్చి చూడండి అన్నాడు. వెళ్ళి తలెత్తి నిలబడ్డాను, కాసేపటికి ఒక చుక్క టప్పున నా కాలర్ మీద పడింది. తర్వాత ప్లంబర్ వచ్చి నేలలో నీళ్ళు పోయే చోట ఉండే జాలీ మూత తీసి టార్చి వేశాడు, కింద పైపు గచ్చుని కలిసే చోట చుట్టూ సిమెంట్ లేదు, నా చిటికెన వేలు దూరేంత సందు. స్నానం చేసిన ప్రతిసారీ నీళ్ళలో కొంత పైపులోకి, కొంత ఆ సందులోకి. ఖర్చు నేనే పెట్టుకున్నాను. అందుకే మీ పై ఆయన్ని నేను దుర్మార్గుడు అనుకోలేకపోతున్నాను, కొత్త టైల్స్ ఉన్న మనిషి అనుకుంటున్నాను.

సరే, నీళ్ళ సంగతి. చాలామందికి తెలియనిదేంటంటే బాత్రూమ్‌లో నీళ్ళని ఆపేవి టైల్స్ కాదు. టైల్స్ మధ్య నింపే మామూలు సిమెంట్ గ్రౌట్ నీళ్ళు పీలుస్తుంది, ఆపేది దానికింద స్లాబ్ మీద వేసే వాటర్‌ప్రూఫింగ్ పొర. అది నేలంతా పరిచి, గోడ మీదకి కొంత ఎత్తుదాకా ఎక్కించి, పైపు చుట్టూ గట్టిగా మూసి వేస్తారు. పాత టైల్స్ బ్రేకర్‌తో లేపినప్పుడు ఆ పొర ఎక్కడో ఒకచోట చిరుగుతుంది, ముఖ్యంగా మూలల్లోనూ జాలీ చుట్టూనూ. కాబట్టి టైల్స్ మారిస్తే పొరా కొత్తగా వెయ్యాలి. తొందరపడే మేస్త్రీలు అది వదిలేసి టైల్స్ పరిచేస్తారు, పైకి చూస్తే అద్దంలా మెరిసిపోతుంది, మీకు కింద కొన్నాళ్ళకి తెలుస్తుంది. అందుకని పై ఆయన్ని మీరు అడగాల్సిన మొదటి ప్రశ్న "తప్పు మీదేనా" అని కాదు, "టైల్స్ వేసేముందు వాటర్‌ప్రూఫింగ్ చేసి నీళ్ళు నిలబెట్టి చూశారా, దాని బిల్లో ఫోటోనో ఉందా" అని. ఉంటే ఆయనకి మంచిది. లేకపోతే ఆయనకే అర్థమవుతుంది.

పరీక్షలు కష్టమైనవేం కాదు. ముందు మీ వైపు నుంచి, ఎవరి పర్మిషనూ అక్కర్లేకుండా: పెన్సిల్ తీసుకుని మరక అంచు చుట్టూ గీత గీయండి, పక్కన తేదీ వెయ్యండి. నాలుగు రోజులకోసారి మళ్ళీ. ఒక నోట్‌బుక్‌లో ఎప్పుడు ఎక్కువ తడిగా ఉంది, ఎప్పుడు చుక్కలు పడ్డాయి, ఆ రోజు వాన పడిందా లేదా, పైవాళ్ళు ఊళ్ళో ఉన్నారా రాసుకోండి. రెండు వారాలు చాలు. పై ఇల్లు తాళం వేసి ఉన్నా ఆగకుండా కారుతుంటే అది చాలామటుకు నీళ్ళొచ్చే పైపు, అందులో ప్రెషర్ ఇరవైనాలుగు గంటలూ ఉంటుంది. వాళ్ళు స్నానాలు చేశాక కాసేపటికి పెరుగుతుంటే నీళ్ళు పోయే పైపో, నేల పొరో. వాళ్ళు ఊళ్ళో లేకపోయినా, వాళ్ళ పైవాళ్ళు నీళ్ళు వదిలినప్పుడు వస్తుంటే షాఫ్ట్‌లో అన్ని అంతస్తులకీ కలిపి ఉండే నిలువు పైపు, అప్పుడు కాంట్రాక్టర్ మాటే నిజమై అసోసియేషన్ బాధ్యత అవుతుంది. వాన పడితేనే వస్తుంటే బయట గోడ.

పై ఇంట్లో చేసే పరీక్ష ఇంకోటి. జాలీ గుడ్డతోనో ప్లగ్గుతోనో బిగించి, నేల మీద ఒకటి రెండు అంగుళాలు నీళ్ళు నిలిపి, గోడ మీద నీటి మట్టం దగ్గర గీత పెట్టి, 24 గంటలు వదిలేస్తారు, వీలైతే 48. గుమ్మం ఎత్తు దాటకుండా చూసుకోవాలి. ఆవిరయ్యేది కొంచెమే, గీత కిందకి నీళ్ళు బాగా దిగి మీ మరక పెరిగితే ఇంక వాదనకి తావు లేదు. నీళ్ళలో రంగు కలిపితే ఇంకా తెలిసిపోతుంది, రెండు బాత్రూముల్లో రెండు రంగులు. జాలీ మూసి ఉంటే తడి రాకుండా, తెరిచి నీళ్ళు వదిలినప్పుడే వస్తే నేల బాగానే ఉన్నట్టు, పైపు జాయింట్ చూడాలి. అయితే ఇప్పటికే ధారగా కారుతుంటే మాత్రం ఇది చెయ్యొద్దు, ఉన్నదానికి ఇంకాస్త పోసినట్టవుతుంది, మీ వార్డ్‌రోబ్ కూడా జరిపాకే.

ఇక్కడో తిరకాసు ఉంది. కొన్ని బిల్డింగుల్లో బాత్రూమ్ స్లాబ్ మిగతా ఇంటికంటే దించి కట్టి, ఆ గుంటలో ఇటుక ముక్కలూ అవీ నింపి పైన గచ్చు చేస్తారు. లీకైన నీళ్ళు ముందు ఆ గుంటలో చేరతాయి, నిండాక మీ సీలింగ్‌కి దిగుతాయి. మీకు పది రోజులు ఆలస్యంగా కనబడింది అందుకే కావచ్చు. అందుకే పైన లీకు ఆపినా మీకు కింద చాలా రోజులు చెమ్మ ఉంటుంది. రిపేరు చేసిన మర్నాడే "చూశారా ఆగలేదు" అని మీరు పైకి పరిగెత్తొద్దు, రెండ్రోజులు పొడిగా కనబడిందని వాళ్ళు "చూశారా ఆగింది" అని చేతులు దులుపుకోనూ కూడదు.

పగులు వేరే కథ, దీన్ని చెమ్మతో కలిపి ఒకే కంప్లైంట్‌గా రాయకండి. గోడ తీసేశారన్నారు, అది బరువు మోసే గోడా, ఊరికే అడ్డుగా కట్టిన గోడా? కాంక్రీట్ స్తంభాలూ దూలాలూ ఉన్న బిల్డింగుల్లో లోపలి ఇటుక గోడలు చాలావరకు అడ్డుగోడలే, కానీ అన్నీ కాదు, కొన్ని పాత బిల్డింగుల్లో గోడలే బరువు మోస్తాయి. బరువు మోసే గోడ తీస్తే ఆ బరువు పక్కకి, కిందకి మళ్ళుతుంది. అడ్డుగోడే అయితే మీ పగులు బ్రేకర్ అదురుకి ప్లాస్టర్ చీలింది అయ్యుండొచ్చు, లేదా పగలగొట్టిన రాళ్ళూ మట్టీ అంతా ఒకేచోట పోగేసిన బరువుకి అయ్యుండొచ్చు, లేదా దేనికీ సంబంధం లేకుండా ఎప్పట్నుంచో ఉన్నది ఇప్పుడు మీ కంట్లో పడి ఉండొచ్చు. తలుపు మూలల నుంచి ఏటవాలు పగుళ్ళు చాలా ఇళ్ళల్లో ఉంటాయి. బ్రిటన్‌లో బిల్డింగ్ రీసెర్చ్ ఎస్టాబ్లిష్‌మెంట్ వాళ్ళ కొలబద్ద ఒకటి ఇంజనీర్లు బాగా వాడతారు, దాని ప్రకారం 1 మి.మీ. దాకా చాలా స్వల్పం, 5 దాకా స్వల్పం, 5 నుంచి 15 ఒక మోస్తరు, ఆపైన తీవ్రం. వెడల్పు ఒక్కటే చూడరు, పెరుగుతోందా అన్నది ముఖ్యం. పగులు రెండు కొసల దగ్గరా అడ్డంగా చిన్న గీత, తేదీ. స్కేలు పక్కన పెట్టి ఫోటో. నెలలో గీత దాటితే పెరుగుతున్నట్టు. పగులు గోడకి అవతలి వైపు కూడా కనబడినా, దూలం మీదో స్తంభం మీదో ఉన్నా, ఇంట్లో తలుపులు కొత్తగా పట్టేస్తున్నా, ఇంక మర్యాదలూ చర్చలూ అన్నీ పక్కనపెట్టి వెంటనే స్ట్రక్చరల్ ఇంజనీర్‌ని పిలవండి, మీ ప్రాంతంలో కట్టడాల అనుమతులు చూసే ఆఫీసుకి రాతపూర్వకంగా చెప్పండి. అది మీ రెండిళ్ళ గొడవ కాదు, బిల్డింగ్ మొత్తానిది, సెక్రటరీ గారు అప్పుడు తలదూర్చం అనలేరు. అసలాయన్ని ఒక ప్రశ్న అడగండి, ఈ పనికి అసోసియేషన్ అనుమతి ఇచ్చిందా, ఇచ్చేముందు ఇంజనీర్ కాగితం ఏదైనా తీసుకుందా, రెనొవేషన్ డిపాజిట్ కట్టించుకుందా అని. చాలాచోట్ల కట్టించుకుంటారు, కామన్ ఏరియాలకి నష్టం జరిగితే దాంట్లోంచి తీయడానికి. అది ఇంకా వాపసు ఇవ్వకపోతే ఆయనకి పై ఆయన్ని కూర్చోబెట్టే శక్తి ఉన్నట్టే.

ఇక డబ్బు. పై ఆయన "కాంట్రాక్టర్‌ని అడగండి" అన్నాడు కదా, ఆ మాట మీరు పట్టించుకోనక్కర్లేదు. కాంట్రాక్టర్‌ని పెట్టుకుంది ఆయన, ఒప్పందం వాళ్ళిద్దరి మధ్యది, మీకు తెలిసింది మీ పైన ఉన్న ఇల్లు. మీరు రాసేది ఓనర్‌కే రాయండి, కాపీ కాంట్రాక్టర్‌కి, అసోసియేషన్‌కి. అయితే నష్టం జరిగింది కాబట్టి ఓనర్ కట్టి తీరాలి అని అన్నిచోట్లా ఉండదు, కొన్నిచోట్ల నిర్లక్ష్యం ఉందని చూపించాలి, ఏది కామన్ పైపు ఏది సొంత పైపు అన్నది కూడా మీ అసోసియేషన్ బైలాస్‌లో ఉంటుంది. అది ముందు చదవండి. ఆయనకి మాత్రం ఒక దారి చూపించండి, "మీ కాంట్రాక్టర్‌కి ఆఖరి బిల్లు ఇంకా కట్టకపోతే ఆపి ఉంచండి, ఆయనకి ఇన్సూరెన్స్ ఉందేమో అడగండి, ఇంజనీర్ రిపోర్ట్ వస్తే దాంతో ఆయన దగ్గర రాబట్టుకోవాల్సింది మీరే" అని. ఈ మాట వినగానే మనిషి మీ ఎదురుగా ఉన్నవాడు మీ పక్కకొస్తాడు. నాకు ఆ పెద్దాయన ఇదే చెప్పాడు, నా డబ్బులో సగం కాంట్రాక్టర్ దగ్గర వెనక్కొచ్చింది.

మీకు ఇంటి ఇన్సూరెన్స్ ఉంటే ఇవాళే చెప్పండి. హఠాత్తుగా జరిగిన నీటి నష్టానికి ఇచ్చే పాలసీలు నెలల తరబడి నెమ్మదిగా కారిన దానికి చాలావరకు ఇవ్వవు, కాబట్టి ఆలస్యం మీకే నష్టం. ఇంకో ముఖ్యమైన సంగతి, ఇన్సూరెన్స్ వాళ్ళు మీకు డబ్బిచ్చి ఆ తర్వాత పై ఓనర్ దగ్గరో కాంట్రాక్టర్ దగ్గరో వసూలు చేసుకుంటారు. మీరు ముందే మొహమాటానికి పోయి "ఇంకేం అడగం" అని పై ఆయనకి సంతకం పెట్టిచ్చేస్తే వాళ్ళకా దారి మూసుకుపోతుంది, అప్పుడు మీ క్లెయిమే ఒప్పుకోకపోవచ్చు. ఏ కాగితం మీదా వాళ్ళని అడక్కుండా సంతకం పెట్టకండి.

ఎంత అడగాలి అంటే, జరిగిందంతా, జరగనిదేమీ కాదు. పెచ్చులు గీకడం, ప్లాస్టర్, ప్రైమర్, గది సీలింగ్ మొత్తం పెయింట్ (ముక్కకి వేస్తే రంగు కలవదు, కాబట్టి ఇది న్యాయమే), వార్డ్‌రోబ్ రిపేరు, పరీక్షల ఖర్చు. వార్డ్‌రోబ్ ఎనిమిదేళ్ళదన్నారు, కొత్తదాని ధర అడిగితే ఆయన ఎక్కడా ఒప్పుకోడు, వయసు తగ్గించి అడగండి. ఇద్దరి దగ్గర రాతపూర్వకంగా అంచనా తీసుకోండి. ఉబ్బిన ప్లైవుడ్ ముక్క ఒకటి పారేయకుండా దాచండి. పెయింట్ తొందరపడి వేయించకండి, నేల మీద వేసే గచ్చుకి 50 మి.మీ. మందం దాకా రోజుకి 1 మి.మీ. చొప్పున ఆరుతుందని మోటు లెక్క చెప్తారు, స్లాబూ ప్లాస్టరూ కూడా వారాలు తీసుకుంటాయి. తేమ కొలిచే మీటర్ పెట్టి చూశాకే పుట్టీ. తెల్లగా ఉప్పు పూత తేలితే పొడి బ్రష్‌తో దులపండి, కడిగితే మళ్ళీ లోపలికి పోతుంది.

ఇప్పుడు మీ ప్రశ్న. అత్తగారు చెప్పినట్టు మీరే వేయించుకుంటే మనశ్శాంతి వస్తుందని మీరనుకోవచ్చు, కానీ లీకు పైన ఉంది, కింద నుంచి ఎంత పెయింట్ వేసినా ఆ కుర్రాడు చేసిందే మళ్ళీ. పైగా స్లాబ్ లోపల ఇనుప చువ్వలు ఉంటాయి, నీళ్ళు తగిలి తుప్పు పడితే ఆ తుప్పు అసలు ఇనుము కంటే ఎక్కువ చోటు పట్టి కాంక్రీట్‌ని నెట్టి పెచ్చులూడగొడుతుంది, అప్పుడు పోయేది మీ పెయింట్ ఒక్కటే కాదు, వాళ్ళ నేల కూడా. డబ్బు వదులుకుంటే వదులుకోండి, అది మీ ఇష్టం, పైన లీకు ఆపడం మాత్రం వదులుకోకండి.

మీ ఆయన చెప్పిన లాయర్ నోటీసు తప్పు కాదు, గడువులు ఉంటాయి కాబట్టి ఏదో ఒక రాత తేదీతో సహా ఉండటం మంచిదే. కానీ నోటీసు వెళ్ళిన రోజు నుంచి పై ఆయన తన లాయర్ చెప్పినట్టే మాట్లాడతాడు, బాత్రూమ్ తలుపు తెరవడు. మీకు ఇప్పుడు కావాల్సింది ఆ తలుపు తెరుచుకోవడమే. కోర్టుకెళ్తే లోపలికి వెళ్ళి చూసే ఆర్డర్ తెచ్చుకోవచ్చు, చిన్న మొత్తాలకి తేలిక పద్ధతులు కొన్ని దేశాల్లో ఉన్నాయి, అయినా మీ సీలింగ్ ఆ తేదీల కోసం ఆగదు.

నేనైతే మధ్య దారి తొక్కుతాను. ఇద్దరికీ సంబంధం లేని ఇంజనీర్ ఒకరు, ఫీజు ప్రస్తుతానికి చెరి సగం, తప్పెవరిదని తేలితే వాళ్ళు అవతలివాళ్ళ సగం వెనక్కివ్వాలి, ఆయన చెప్పింది ఇద్దరూ ఒప్పుకోవాలి. ఇది నేను కొత్తగా కనిపెట్టిందేం కాదు, ఇంగ్లండ్, వేల్స్‌లో 1996 నాటి పార్టీ వాల్ చట్టం పొరుగువాళ్ళ మధ్య గోడ పనులకి, మనిషిని పెట్టుకునే విషయంలో, ఇలాంటిదే చెప్తుంది, ఇద్దరూ కలిసి ఒక సర్వేయర్‌ని పెట్టుకోవచ్చు, కుదరకపోతే చెరొకరు. ఇది ఒప్పుకోకపోతే అప్పుడు నోటీసు, అప్పుడది మీకు బలం కూడా, అడిగాం కాదన్నారు అని రాత ఉంటుంది.

మెసేజ్ ఇలా పెట్టండి, గ్రూపులో కాదు, ఆయనకే: "ఆ రోజు గ్రూపులో అలా రాసి ఉండకూడదు, ఆ మాటకి సారీ. సీలింగ్ ఇంకా తడుస్తోంది. కారణం మనిద్దరికీ తెలీదు. ఇద్దరికీ ఓకే అయిన ఇంజనీర్‌తో చూపిద్దాం, ఫీజు చెరి సగం. మూడేళ్ళ కిందట కిటికీ వైపు చిన్న మరక వచ్చింది, అది కూడా ఆయనకి చూపిస్తాను." సారీ మాటకే, ఫోటోలకి కాదు, అవి నిజమే కదా.

ఆఖరి వాక్యం చదివి మీ గుండె జారి ఉంటుంది. అది పెట్టమనే చెప్తున్నాను. ఆ మరక కిటికీ మూల, ఈ మరక బాత్రూమ్ గోడ పక్కన, రెండూ వేరే చోట్లు. కిటికీ వైపుది చాలాసార్లు బయట గోడ నుంచి వాన నీళ్ళు, దీనికి సంబంధం ఉండకపోవచ్చు. ఉన్నా ఇంజనీర్ ఎలాగూ మీటర్ పెట్టి పట్టేస్తాడు, పాత పెయింట్ కింద పొర తేడా కనబడుతుంది. మీరు చెప్తే అదొక సమాచారం, వాళ్ళు కనిపెడితే మీరు దాచిన రహస్యం, ఆ తర్వాత మీ నోట్‌బుక్ కూడా ఎవరూ నమ్మరు. ఒకవేళ పాతదానివల్ల నష్టం కొంత అని తేలితే ఆ కొంత మీరు భరించండి.

కోపం వచ్చినప్పుడు మెయింటెనెన్స్ కట్టడం మానేద్దాం, పైవాళ్ళ వాల్వు తిప్పేద్దాం అనిపిస్తుంది, మీ ఉత్తరంలో వాల్వు మాట ఉంది కూడా. వద్దు. అప్పటిదాకా బాకీ ఆయనది, ఆ క్షణం నుంచి తప్పు మీది. సెటిల్ అయినప్పుడు కాగితం రాసుకోండి, "ఈ తేదీ వరకు కనబడిన నష్టానికి" అని రాయండి, "మొత్తం అన్నిటికీ ఆఖరు" అని కాదు, ఆర్నెల్లలో అదే చోట మళ్ళీ వస్తే పైన రిపేరు ఆయన బాధ్యత అని ఒక లైను చేర్చండి.

ఈలోగా లిఫ్ట్‌లో ఎదురైతే ఫోన్ చూడకండి. "శనివారం పదింటికి ఇంజనీర్‌ని అడిగాను, మీకు వీలవుతుందా" అనండి, అంతకంటే ఒక్క మాట ఎక్కువ వద్దు, మీ అంతస్తు వచ్చేస్తుంది.